ఆవాహన చేసిన చేతికే ఉద్వాసన హక్కు

షోడశోపచార పూజ ఆవాహనతో ఆరంభమై ఉద్వాసనతో ముగుస్తుంది. వినాయక చవితినాడు మట్టి ప్రతిమలోనికి స్వామిని ఆహ్వానించి, ఆసనం సమర్పించి, అర్ఘ్యపాద్యాలిచ్చి, ఉండ్రాళ్లు నివేదించి, చివరకు ప్రతిమను కాస్త కదిలించి, స్వస్థానానికి వేంచేయుమని, మరల రమ్మని ప్రార్థిస్తాము. ఆ కదిలించే చేయి పూజ చేసిన గృహస్థుదే. పూజ ఒకరు చేయగా, వారికి తెలియకుండా మరొకరు వచ్చి ప్రతిమను తీసుకొనిపోవడం ఏ ఇంటా జరగదు. నేటి పత్రికాభాషలో ఉద్వాసన అంటే పదవినుండి తొలగింపు అని స్థిరపడింది గాని, మన సంప్రదాయంలో దాని అర్థం అది కాదు. వచ్చిన అతిథిని వీధి గుమ్మం వరకు వెంట వచ్చి గౌరవంగా సాగనంపడం ఉద్వాసన.

ఈ మాటను గురించి ప్రత్యేకంగా ఆలోచించవలసిన అవసరం మన విశాఖపట్నంలో నేడు అనేక గృహాలలో కనిపిస్తున్నది. వయసు మీదపడిన తల్లిదండ్రులను పిల్లలు తమ వద్దకు తీసుకొనిపోతున్నారు. ముప్పై, నలభై ఏళ్లు కాపురమున్న ఇంటిని ఖాళీ చేయవలసి వస్తున్నది. ఆ పని ఎవరి చేతిమీదుగా, ఏ తీరున జరగాలన్నదే ప్రశ్న.

వచ్చినవారి ఊరు, వెళ్లేవారి ఊరు

విశాఖ ప్రధానంగా వలస వచ్చినవారితో పెరిగిన నగరం. 1933లో ఓడరేవు ప్రారంభమైన నాటినుండి శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి ప్రాంతాల కుటుంబాలు ఇక్కడికి తరలివచ్చాయి. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న అది జాతికి అంకితమైంది. ఆ కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాల ప్రజలు ఇళ్లను, పొలాలను వదులుకొన్నారు. ఉద్యోగం కోసం వచ్చినవారు ఒక ట్రంకుపెట్టె, ఒక ఇత్తడి బిందె, ఒక దేవుని పటంతో ఉక్కునగరం క్వార్టర్లలో అడుగుపెట్టారు. పదవీ విరమణ నాటికి ఆ ట్రంకుపెట్టె ఇల్లంత సంసారమైంది. క్వార్టరు అప్పగించి గాజువాక, కూర్మన్నపాలెం, దువ్వాడ వైపు సొంత ఇళ్లు కట్టుకొన్నారు. అప్పుడు సామానంతా లారీకెక్కింది, ఏదీ వదలలేదు. ఆనాటి ఉద్యోగులు ఇప్పుడు డెబ్బయి, ఎనభై ఏళ్ల వృద్ధులు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, సముద్రాల కావలనో స్థిరపడ్డారు.

ఆ పిల్లలకు దొరికే సెలవు పది రోజులు. తీసుకొనిపోయే అపార్ట్‌మెంటులో తల్లిదండ్రులకు ఇవ్వగలిగినది ఒక్క గది. ఇక్కడ చూస్తే అటకమీద గుండిగలు, మంచం కింద జాడీలు, పెరటిలో రుబ్బురోలు, బీరువానిండా పట్టుచీరలు, గోడనిండా పటాలు, ముప్పై ఏళ్ల పంచాంగాలు, బంధువుల శుభలేఖలు, ఎన్నడో చెల్లిపోయిన రసీదులు. 'అమ్మ చూస్తే ఒక్కటీ వదలనివ్వదు' అనుకొని, ఆమెను నాలుగు రోజులు బంధువుల ఇంటికి పంపి, పాత సామాను కొనేవానిని పిలిచి, ఇల్లు ఊడ్చివేసినవారున్నారు. వారు దుర్మార్గులు కారు. తల్లి దుమ్ములో తిరిగి పడిపోతుందేమోనన్న భయం, సెలవు అయిపోతుందన్న తొందర వారిచేత ఆ పని చేయిస్తాయి. కాని తిరిగివచ్చిన తల్లి ఖాళీ గోడలను చూసి మాటాడక కూర్చుంటుంది. ఆమె దుఃఖం గుండిగల కోసం కాదు. తాను బ్రతికి ఉండగానే తన ఇంటికి తనను పరాయిదానిని చేశారన్న బాధ అది.

నాలుగు దశాబ్దాలకు పైగా అర్చకత్వంలో ఉన్న నాకు ఈ వ్యవహారపు మరొక కొస కనిపిస్తుంటుంది. తెల్లవారి ఆలయం తలుపులు తెరిచేసరికి రావిచెట్టు మొదట్లో అద్దాలు పగిలిన పటాలు, చేయి విరిగిన కృష్ణుడు, నూనె జిడ్డుతో నల్లబడిన ప్రమిదలు, సీలు తీయని కాశీ చెంబు ఉంటాయి. ఎవరు పెట్టారో తెలియదు. పెట్టినవారు చీకటిలో పెట్టి వెళ్లారంటేనే ఆ పని సరియైనది కాదని వారి మనసుకు తెలుసునన్నమాట.

అర్జునుని చేతి గాండీవం

మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వంలో ఈ విషయానికి సరిపోయే ఘట్టం ఒకటి ఉన్నది. పరీక్షిత్తునకు పట్టాభిషేకం జరిగింది. దానధర్మాలు ముగిశాయి. పాండవులు సర్వం త్యజించి నారచీరలు కట్టుకొని బయలుదేరారు. అంతటి త్యాగంలోనూ అర్జునుడు ఒక్క గాండీవాన్ని, అక్షయ తూణీరాలను మాత్రం వదలలేకపోయాడు. శ్రీకృష్ణ నిర్యాణానంతరం ఆ విల్లు ఆయనకు పనికిరాలేదు. దొంగలు దారికాచిననాడు దానిని ఎక్కుపెట్టడమే కష్టమైంది. అయినా మోస్తూనే ఉన్నాడు.

సముద్రతీరం చేరినప్పుడు అగ్నిదేవుడు ఎదుట నిలిచి, గాండీవం వరుణుని వద్దనుండి తాను అర్జునుని కోసం తెచ్చినదని, దాని పని పూర్తి అయినదని, తిరిగి వరుణునికే ఇచ్చివేయవలెనని చెప్పాడు. అన్నదమ్ములూ అదే కోరారు. అప్పుడు అర్జునుడు తన చేతితో తానే దానిని నీటిలో విడిచాడు.

ఇందులో గమనించవలసినవి మూడు. అంతటి వీరునికీ వస్తువుమీద మమకారం పోలేదు. కనుక మన ఇంటి వృద్ధురాలు ఆవకాయ జాడీని వదలలేకపోతే ఆమెను పరిహసించే అర్హత మనకు లేదు. రెండవది, భీముడు అంతటి బలశాలి అయినా తమ్ముని చేతిలోని విల్లు లాగి పారవేయలేదు. మూడవది, అగ్నిదేవుడు 'అది పాతబడింది, పారవేయి' అనలేదు. అది ఎక్కడినుండి వచ్చినదో గుర్తుచేసి, ఎక్కడికి చేరాలో చెప్పాడు. గమ్యం తెలిసిన తరువాత చేతిపట్టు దానంతట అదే సడలింది. మన ఇళ్లలో పిల్లలు చేయవలసినది ఆ అగ్నిదేవుని పనియే.

ఆచరణలో ఇది కష్టం కాదు. తండ్రిగారిని కుర్చీలో కూర్చోబెట్టండి. ఒక్కొక్క వస్తువును చేతికివ్వండి. 'ఇది పారవేద్దామా?' అని అడిగితే 'వద్దు' అనే జవాబు వస్తుంది. 'ఇది ఎవరికి ఇద్దాం, నాన్నగారూ?' అని అడగండి. ఆయన ఆలోచిస్తారు. 'దీనిని మా నాయనమ్మ పుట్టింటినుండి తెచ్చింది' అని కథ చెబుతారు. ఆ కథ వినడానికి ఐదు నిమిషాలు పడుతుంది. కథ విన్నవారు ఒకరున్నారని తెలిస్తే, వస్తువును వదలడం ఆయనకు సులువవుతుంది. రోజుకు రెండు గంటలకు మించి కూర్చోబెట్టకండి. జ్ఞాపకశక్తి క్షీణించిన వృద్ధులున్న ఇళ్లలోనూ ఈ మర్యాద తప్పరాదు. కర్త అశక్తుడైనపుడు అనుజ్ఞ పొంది కుమారుడు ఆయన బదులు కర్మ నిర్వహించే సంప్రదాయం మనకున్నది. వస్తువును ఒకసారి వారి చేత ముట్టించి, ఫలానావారికి ఇస్తున్నామని చెవిలో చెప్పి, ఆ తరువాతనే పంపండి. వారికి అర్థమయినదా లేదా అన్నది మన లెక్క కాదు. చెప్పడం మన ధర్మం.

ముసలి ఆవుల దానం

ఇవ్వడంలోనూ ఒక నియమమున్నది. కఠోపనిషత్తులో వాజశ్రవసుడు సర్వస్వం దానం చేసే యాగం తలపెట్టి, ఇక నీరు తాగలేని, గడ్డి మేయలేని, పాలివ్వలేని ముసలి ఆవులను ఋత్విజులకు తోలియిచ్చాడు. బాలుడైన నచికేతుడు అది చూసి కలతచెందాడు. అటువంటి దానం చేసినవాడు ఆనందం లేని లోకాలకు పోతాడని అతని భయం.

ఇల్లు ఖాళీచేసే రోజున మనం చేసే దానాలలో వాజశ్రవసుని దానాలు చాలా ఉంటాయి. చిరిగిన పంచెలు పనివానికి, సొట్టపడిన గిన్నెలు వంటమనిషికి, చెదపట్టిన పుస్తకాలు గ్రంథాలయానికి, ఎవరికీ అక్కరలేనివన్నీ దేవాలయానికి! దేవాలయం మన అటకకు కొనసాగింపు కాదు. ఇవ్వదలచినది శుభ్రంచేసి, పగటివేళ తెచ్చి, 'ఇది స్వామికి పనికివస్తుందా?' అని అడిగి ఇవ్వండి. వంద మందికి వండే గుండిగ, బరువైన దీపపు సెమ్మె, మంచి పీటలు అన్నదానానికి, ఉత్సవాలకు నిజంగా ఉపయోగపడతాయి. అర్చకుడు 'ఇది అక్కరలేదు' అంటే నొచ్చుకోకండి. పనికిరాని దానిని పనికిరానిదిగా గుర్తించి పాత సామానువానికి అమ్మడం దోషం కాదు. దానికి దానమని పేరుపెట్టడమే దోషం.

ఇంటి దేవుడు ఎక్కడికి?

భక్తులు నన్ను అన్నింటికంటె ఎక్కువగా, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న దేవతార్చన గురించినది. 'పటాలు నలభై ఉన్నాయి. కోడలి ఇంట్లో చిన్న అలమరా మాత్రమే. వదిలితే పాపమా?'

పూరీ క్షేత్రాన్ని స్మరించండి. విశాఖవాసులకు పూరీ పొరుగూరు వంటిదే. అక్కడ అధిక ఆషాఢం వచ్చిన సంవత్సరాలలో జగన్నాథునికి నవకళేబర ఉత్సవం జరుగుతుంది. 1996లోను, 2015లోను జరిగింది. కొత్త దారుమూర్తులు సిద్ధమైన తరువాత, అర్ధరాత్రి చీకటిలో, కళ్లకు గంతలు కట్టుకొని, సేవకులు బ్రహ్మపదార్థాన్ని పాత మూర్తినుండి కొత్త మూర్తిలోనికి మారుస్తారు. పాత మూర్తులను ఆలయ ప్రాంగణంలోనే కోయిలి వైకుంఠంలో భూస్థాపితం చేస్తారు. దైతాపతులు సొంత బంధువు పోయినట్లే అశౌచం పాటిస్తారు. సాక్షాత్తు జగన్నాథుడే పాత రూపాన్ని వదలి కొత్త రూపం ధరిస్తాడు. వెంట వెళ్లేది అతి స్వల్పం. మిగిలినదానికి కన్నీటితో కూడిన సాగనంపు. ఇంటి దేవతార్చనకు ఇంతకంటె పెద్ద ప్రమాణం అక్కరలేదు.

పంచాయతన పూజలోనూ ఇదే సూక్ష్మం. విష్ణువుకు సాలగ్రామం, శివునికి బాణలింగం, గణపతికి శోణభద్ర శిల, అంబికకు స్వర్ణముఖి శిల, సూర్యునికి స్ఫటికం. ఐదుగురు దేవతలూ ఒక చిన్న పెట్టెలో ఒదుగుతారు. పూర్వులు వాటిని చేతపట్టుకొనే తీర్థయాత్రలకు వెళ్లారు. కనుక నిత్యం దీపం అందుకొనే మూర్తులను ఐదారింటిని తల్లిదండ్రులనే ఎన్నుకోమనండి. వాటిని లారీలో సామానుతో కాక, ఒడిలో పెట్టుకొని తీసుకువెళ్లండి. తరతరాల సాలగ్రామాన్ని నియమంగా అర్చించేవారు ఇంట లేకపోతే, అర్చించే మరొక గృహస్థుకు తల్లిదండ్రుల చేతిమీదుగానే అప్పగించండి. సాలగ్రామం పగిలినా పూజార్హమేనని సంప్రదాయం, చెట్టుకింద వదలరాదు.

భిన్నమైన ప్రతిమల సంగతి అగ్నిపురాణం జీర్ణోద్ధార ప్రకరణంలో ఉన్నది. దారుప్రతిమ అగ్నికి, శిలాప్రతిమ లోతైన నీటికి అని దాని విధానం. ఆ నియమంలోని భావం, దేనినుండి పుట్టినది దానిలో కలవాలని. ప్లాస్టిక్ చట్రాలు, అద్దాలు, రసాయనపు రంగులు సముద్రంలో కలిసేవి కావు. విగ్రహ నిమజ్జనంపై కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలు కూడా ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ప్లాస్టిక్ వద్దనే చెబుతున్నాయి. కాబట్టి పటానికి పుష్పం సమర్పించి, నమస్కరించి, ఉద్వాసన చెప్పి, చట్రం విప్పండి. కాగితాన్ని బకెట్టు నీటిలో నాననిచ్చి తొక్కనిచోట మట్టిలో కలపండి. అద్దం, చట్రం అప్పటికి అద్దం, చట్రం మాత్రమే. వాటిని కొనేవానికి ఇవ్వవచ్చును. లోహప్రతిమను కరిగించి కొత్త ప్రతిమగానో, పూజాపాత్రగానో చేయించుకోవచ్చును.

తొందరపడి వదలకూడనివి

అన్నింటికీ ఒకే తూకం పనికిరాదు. తాళపత్రాలు, చేతివ్రాత పుస్తకాలు కనిపిస్తే కాటాకు వేయకండి. తాళ్లపాక కవుల రాగిరేకులు తిరుమల ఆలయంలో ఒక అరలో సుమారు నాలుగు వందల ఏళ్లు మౌనంగా ఉన్నాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితుల కృషితో ఇరవయ్యవ శతాబ్దంలో వాటిలోని సంకీర్తనలు లోకానికి అందాయి. నడుమ ఎవరో ఒకరు 'పాత రాగి' అని కరిగించి ఉంటే అన్నమయ్య మనకు ఎంతవరకు మిగిలేవాడో ఊహించండి. మీ తాతగారి పెట్టెలో ఏమున్నదో చదవగలిగినవారికి చూపించిన తరువాతనే నిర్ణయించండి. ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో తాళపత్ర ప్రతులు భద్రపరచి ఉన్నాయి. దేశవ్యాప్తంగా 2003లో జాతీయ వ్రాతప్రతుల మిషన్ ఆరంభమైంది. 2025లో కేంద్రం జ్ఞానభారతం పేరిట ఆ కృషిని విస్తరింపజేసింది. సముద్రపు ఉప్పుగాలి, చెద కలిసిన మన ఊరిలో తాటాకు ఎక్కువకాలం ఆగదు. త్వరగా చేరవేయడమే దానికి రక్ష.

పెద్దలకు ఒక మాట

ఇంతవరకు పిల్లలకు చెప్పినది. ఇక నా ఈడువారికి, నాకంటె పెద్దలకు చెప్పవలసినదీ ఉన్నది. చర్మం ముడతలుపడి, జుట్టు నెరసి, మనుమని ముఖం చూసిన తరువాత గృహస్థు వానప్రస్థానికి సిద్ధం కావాలని మనుధర్మం. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచే ముందు, మైత్రేయిని పిలిచి, ఆమెకు, కాత్యాయనికి ఉన్నది పంచి ఇస్తానన్నాడు. తాను వెళ్లిన తరువాత వారు వెతుక్కొని పంచుకొంటారులే అనుకోలేదు. ఆ పంపకపు మాటలోనే, ధనంతో అమృతత్వం లభించునా అన్న మైత్రేయి ప్రశ్న పుట్టింది. ఉపనిషత్తులోని మహోపదేశాలలో ఒకటి ఇల్లు సర్దుకొనే వేళ వెలువడినదన్నమాట.

మనమంతా కాశీకి వెళ్లాము. ఇష్టమైనదొకటి అక్కడ వదలిరావాలంటే, బాగా ఆలోచించి, కాకరకాయ వదలివచ్చాము! వచ్చేటప్పుడు మాత్రం చెంబులు, రుద్రాక్షలు, పటాలు, చీరలు తెచ్చుకొని బీరువాలు నింపాము. 'పిల్లల కోసమే దాచాను' అంటాము గాని, పిల్లలు అడిగినప్పుడు తాళం తీయము. ఆ బరువు చివరకు వారి పది రోజుల సెలవుమీద పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఒక్క రోజులో ఎన్ని ఇళ్లలో పుస్తకాలు, బట్టలు, పటాలు తడిసి ముద్దయ్యాయో చూశాము. మనం ఇవ్వకుండా దాచినదానిని గాలి అడగకుండా తీసుకొన్నది.

అందుకు మన సంప్రదాయంలోనే ఏటేటా వచ్చే ఒక గడువున్నది. అది భోగి. విరిగిన పీటలు, పనికిరాని కర్రసామాను మంటలో వేసే పండుగ. షష్టిపూర్తి నాటినుండి ప్రతి ఏటా భోగికి ముందు వారం రోజులు దంపతులిద్దరూ కూర్చొని ఒక అలమరా చొప్పున చూడండి. కాల్చదగిన కట్టెను మంటకు, ఇవ్వదగినదానిని పండుగనాడు అందుకొనేవారికి ఇవ్వండి. నగ ఎవరికో, వీణ ఎవరికో, పుస్తకాలు ఎవరికో, మీ చేతితో ఇచ్చి, వారు వాడుకొంటుండగా కళ్లారా చూడండి. పోయిన తరువాత పంచబడేది ఆస్తి. బ్రతికి ఉండి ఇచ్చినది ఆశీర్వాదం.

సింహాచలేశుని సన్నిధి

ఈ ధర్మాన్ని మన ఊరి స్వామియే ఏటేటా చూపుతున్నాడు. సింహాచల క్షేత్రంలో వరాహలక్ష్మీనృసింహస్వామి సంవత్సరమంతా చందనపు పూతలో ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియనాడు ఆ చందనాన్ని ఒలిచి నిజరూప దర్శనం అనుగ్రహిస్తాడు. ఒలిచేది ఎవరో కాదు, ఏడాది పొడవునా ఆయనను అర్చించే చేతులే. ఆ పని వెండి పనిముట్లతో, స్వామి మేనికి నొప్పి కలగనంత నెమ్మదిగా జరుగుతుంది. ఒలిచిన చందనం చెత్తకుప్పకు పోదు. ప్రసాదమై భక్తుల ఇళ్లకు చేరుతుంది. ఆనాటి నుండే మళ్లీ కొత్త చందనం సమర్పణ ఆరంభమై, వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలలో కొనసాగుతుంది.

వృద్ధులైన తల్లిదండ్రుల చుట్టూ పేరుకొన్న వస్తువులు వారి జీవితం పూసిన పూతలు. అవి తీయవలసిన రోజు వచ్చినప్పుడు అర్చకుని చేతులతో తీయండి. తీసినది పదిమందికి ప్రసాదమయ్యేలా చూడండి. ఈ ఆదివారం మీ ఇంట పెద్దవారి పక్కన కూర్చొని, ఒకే ఒక వస్తువును వారి చేతికిచ్చి, 'ఇది ఎవరికి ఇద్దాం?' అని అడిగి చూడండి.

సర్వేజనాః సుఖినోభవంతు.